కట్టెల బాయిలర్‌కు ఏ పంపు? హాస్టళ్లు, ఆస్పత్రుల వాళ్ల కోసం ఒక పోలిక

విజయవాడ పక్కన కానూరు, పెనమలూరు వైపు, గుంటూరు శివార్లలో కొన్ని హాస్టళ్ల వెనక రేకుల షెడ్డు కింద కట్టెల బాయిలర్ ఉంటుంది. సుబాబుల్ మొద్దులో సరుగుడు కట్టెలో వేసి తెల్లవారుజామున మంట పెడితే ఆరింటికల్లా పిల్లల స్నానాలకు వేడినీళ్లు అందాలి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఈ పని రోజూ తప్పదు. బాయిలర్ ఎన్ని లీటర్లది, ఎవరితో చేయించాలి అని అందరూ వాకబు చేస్తారు. కాగిన నీళ్లను ట్యాంకుకు చేర్చే పంపు సంగతి మాత్రం చివరిదాకా పట్టించుకోరు. కొట్టుకు ఫోన్ చేస్తే వాళ్లు అడిగేది ఒక్కటే: "ఎన్ని హెచ్‌పీ కావాలండీ?" మనం "హాఫ్ హెచ్‌పీ చాలు" అంటాం, సాయంత్రానికి పంపు వచ్చేస్తుంది.

నా ఉద్దేశంలో ఈ పంపును హెచ్‌పీ చూసి కొనకూడదు. పైపులు ఏ దారిన వేశారో చూసి కొనాలి. దారి సరిగ్గా ఉంటే నాలుగంతస్తుల హాస్టల్‌కు కూడా తొంభై వాట్ల పంపు సరిపోతుంది. దారి తప్పుగా ఉంటే ఒక హెచ్‌పీ మోటారు పెట్టినా నీళ్లు సరిగ్గా కాగవు.

## ముందు చూడాల్సింది: నీళ్లు ఏ దారిన తిరుగుతున్నాయి?

మన దగ్గర కట్టే కట్టెల బాయిలర్లలో ఎక్కువ భాగం పైన గాలిగొట్టం తెరిచి ఉండే డ్రమ్ములు. లోపల ప్రెషర్ ఉండదు. నీళ్లు మరిగితే ఆవిరి ఆ గొట్టంలోంచి బయటికి పోతుంది. ప్రాణాలు కాపాడేది ఆ గొట్టమే, కాబట్టి ఏ కారణంతోనూ దాన్ని మూయకూడదు, దానికి వాల్వ్ పెట్టకూడదు. ఈ డ్రమ్ము నుంచి ట్యాంకుకు వేడిని చేర్చడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది, బాయిలరూ వేడినీళ్ల ట్యాంకూ రెండూ కిందే ఉండడం. ట్యాంకు అడుగు నుంచి చల్లటి నీరు బాయిలర్‌లోకి వస్తుంది, కాగిన నీరు తిరిగి ట్యాంకు పైభాగానికి పోతుంది. రెండింట్లోనూ నీటిమట్టం ఒకటే కాబట్టి పంపు నీళ్లను ఎత్తే పనేమీ ఉండదు. పైపుల్లో రాపిడిని గెలిస్తే చాలు.

రెండోది, బాయిలర్ కింద, ట్యాంకు టెర్రస్ మీద. పంపు వేడినీళ్లను పైకి ఎక్కిస్తుంది, ట్యాంకు నీరు మళ్లీ డ్రమ్ములోకి దిగుతుంది. చాలామంది చేయించేది ఇదే, ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. మూడు పై అంతస్తులున్న భవనానికి టెర్రస్ దాదాపు 13 మీటర్ల ఎత్తు. పంపు నడిచినంతసేపూ ఆ ఎత్తంతా మోయాలి. పైగా ఎక్కే నీరూ దిగే నీరూ సమానంగా ఉండాలి, లేకపోతే డ్రమ్ము ఖాళీ అయినా అవుతుంది, పొంగినా పొర్లుతుంది. కరెంటు పోతే ట్యాంకు నీరంతా కిందికి దిగి గాలిగొట్టంలోంచి మరుగుతూ బయటికి వస్తుంది. దాన్ని ఆపడానికి ఫ్లోట్ వాల్వ్, నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ రెండూ కావాలి. అవి మొరాయించిన రోజు షెడ్డు అంతా వేడినీళ్లే.

మూడోది, డ్రమ్ము లోపల రాగిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో ఒక కాయిల్, అంటే చుట్టలుగా వంచిన పైపు, పెట్టి, టెర్రస్ ట్యాంకు నీటిని ఆ కాయిల్‌లోంచి తిప్పడం. డ్రమ్ము నీళ్లు డ్రమ్ములోనే ఉంటాయి, ట్యాంకు నీళ్లు కాయిల్‌లో కాగి పైకి పోతాయి. ఇక్కడ ఎత్తు లెక్కలోకి రాదు. ఒక పైపులో దిగే నీటి బరువు, రెండో పైపులో ఎక్కే నీటి బరువుతో సరిపోతుంది. 13 మీటర్ల భవనమైనా పంపు గెలవాల్సింది రాపిడినే. అంతేకాదు, వేడెక్కిన నీరు తేలిక కాబట్టి పంపు ఆగినా అది తనంతట తానే మెల్లగా పైకి పోతూ ఉంటుంది. మంట ఆరకముందే కరెంటు పోయిన తెల్లవారుజామున ఇది పెద్ద ధీమా.

కొత్తగా కట్టించుకునేవాళ్లెవరైనా అడిగితే నేను మూడోదే చెబుతాను. రెండోది ఇప్పటికే ఉన్నవాళ్లు పంపు మార్చే ముందు ఆటోనగర్‌లో డ్రమ్ము చేయించిన మేస్త్రీని పిలిచి, కాయిల్ పెట్టడం వీలవుతుందేమో అడగండి. కాయిల్‌కు టెర్రస్ నుంచి వచ్చే 1.3 కేజీల ప్రెషర్ ఉంటుంది, అతుకులు దాన్ని తట్టుకోవాలి. కాయిల్ నుంచి ట్యాంకుకు పైకి పోయే పైపు మీద మాత్రం మూసే వాల్వ్ పెట్టించకండి.

## ఆ తరవాత చూడాల్సింది: ఎన్ని నీళ్లు, ఎంత హెడ్?

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1000 లీటర్ల ట్యాంకు, నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రెండు గంటల్లో రావాలి. 60 డిగ్రీల నీళ్లను చన్నీళ్లతో కలిపి 40 డిగ్రీలకు తెస్తే ఇరవై లీటర్ల బకెట్లు 115 దాకా వస్తాయి.

లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కేలరీ కావాలి. 1000 లీటర్లు, 35 డిగ్రీలు అంటే 35,000 కిలో కేలరీలు. రెండు గంటల్లో కావాలి కాబట్టి గంటకు 17,500, అంటే దాదాపు 20 కిలోవాట్లు. పోయే నీటికీ వచ్చే నీటికీ మధ్య 10 డిగ్రీల తేడా ఉండేలా తిప్పాలనుకుంటే 17,500ను 10తో భాగించండి. గంటకు 1750 లీటర్లు, నిమిషానికి 29 లీటర్లు. పంపు చేయాల్సిన పని ఇంతే. హాఫ్ హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటారూ పంపూ ఒకే ముక్కగా ఉండే మామూలు పంపు) ఇంతకన్నా చాలా ఎక్కువ నీటిని తోస్తుంది, ఆ అదనపు తోపుడు మనకు అక్కర్లేదు.

ఇక రాపిడి. పంపు తోపుడును, అది నీటిని ఎన్ని మీటర్లు ఎత్తగలదో దానితో కొలుస్తారు, దాన్నే హెడ్ అంటారు. షెడ్డు నుంచి ట్యాంకుకు పోను 40 మీటర్లు, రాను 40 మీటర్లు అనుకుందాం. ఈ 1750 లీటర్లకు ముప్పావు అంగుళం పైపు వేస్తే రాపిడి ఒక్కదానికే 12 మీటర్లకు పైగా హెడ్ పోతుంది. ఒక అంగుళం పైపులో అది మూడున్నర మీటర్లకు తగ్గుతుంది. అంగుళంపావు వేస్తే ఒక మీటరు కాస్త పైన. కాయిల్, ఎల్బోలకు మరో మీటరున్నర కలపండి. పంపును చిన్నది చేయాలంటే పైపును ఒక సైజు పెంచడమే అన్నిటికన్నా చవకైన మార్గం. పైపు ఖర్చు ఒక్కసారే, కరెంటు బిల్లు ప్రతి నెలా.

పంపు మీద రాసే అంకెల్లో ఒక తిరకాసు ఉంది. గ్రండ్‌ఫోస్ లాంటి కంపెనీలు 25-60-180 అని రాస్తాయి. 25 అంటే పంపు మూతి సైజు మిల్లీమీటర్లలో, 60 అంటే ఆరు మీటర్ల హెడ్, 180 అంటే పంపు పొడవు మిల్లీమీటర్లలో. విలో అదే విషయాన్ని 25/6 అంటుంది. ఆ ఆరు మీటర్లు నీళ్లు అసలు కదలనప్పటి హెడ్. నీళ్లు కదలడం మొదలయ్యాక అది తగ్గుతూ వస్తుంది, గంటకు 1750 లీటర్ల దగ్గర నాలుగు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి మన ఉదాహరణలో ఒక అంగుళం పైపుకు, అంటే మొత్తం ఐదు మీటర్లకు, ఈ పంపు చాలదు. అంగుళంపావు పైపుకు హాయిగా సరిపోతుంది. ఎన్ని లీటర్ల దగ్గర ఎంత హెడ్ ఇస్తుందో చూపే గీతను పంపు కర్వ్ అంటారు, కొట్టులో అది ఉన్న కాగితం అడిగి తీసుకోండి. మీ లీటర్ల దగ్గర నిలువు గీత గీస్తే అసలు హెడ్ ఎంతో తెలిసిపోతుంది.

## నీటి గుణం, కరెంటు

గుంటూరు వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకు సున్నం పొర సంగతి తెలిసిందే. నీళ్లు 60 డిగ్రీలు దాటితే ఆ పొర ఇంకా తొందరగా కడుతుంది. కృష్ణా నీళ్లు వచ్చేచోట బాధ తక్కువ. స్నానాల నీళ్లే పంపులోంచి పోతుంటే బాడీ స్టెయిన్‌లెస్ స్టీలుదో కంచుదో ఉండాలి. రోజూ కొత్త నీరు, దానితో కొత్త గాలి వస్తాయి కాబట్టి కాస్ట్ ఐరన్ బాడీ తుప్పు పట్టి ఎర్రనీళ్లు వస్తాయి. కాస్ట్ ఐరన్ చవక అని కొట్టువాళ్లు చూపిస్తారు. గాలి చొరబడకుండా ఒకే నీరు ఏళ్ల తరబడి తిరిగే మూసిన లైన్లకే అది పనికొస్తుంది.

కరెంటు విషయంలో చూడాల్సింది బిల్లు ఒక్కటే కాదు. కట్టెల మంటను స్విచ్ తిప్పి ఆర్పలేం. కరెంటు పోయినా పంపు నడవాలంటే ఇన్వర్టర్ కావాలి. 60, 90 వాట్ల పంపును ఇంట్లో వాడే సైన్ వేవ్ ఇన్వర్టరే గంటల తరబడి మోస్తుంది. హాఫ్ హెచ్‌పీ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది.

## ఒక్కో పంపు ఎలాంటిది

మామూలు మోనోబ్లాక్. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, కాలిపోతే ఏ వైండింగ్ షాపులోనైనా బాగుచేస్తారు, ధర తక్కువ. కానీ ఇది చన్నీళ్ల పంపు. ఇళ్లకు అమ్మే మోడళ్లలో చాలావాటికి నీటి వేడి హద్దు 40 డిగ్రీల చుట్టుపక్కలే. నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, ప్లాస్టిక్‌దైతే 70, 80 డిగ్రీల నీటికి వంకర పోతుంది, నీళ్లు కారకుండా ఆపే సీలు గట్టిపడి కారడం మొదలవుతుంది. రోజుకు ఆరు గంటలు నడిస్తే హాఫ్ హెచ్‌పీకి నెలకు 100 యూనిట్ల దాకా అవుతుంది. వేడినీళ్ల లైన్‌లో దీన్ని నేను సిఫార్సు చేయను. చన్నీళ్లను పైట్యాంకుకు ఎక్కించడానికి ఉంచుకోండి.

గోడకు బిగించే ప్రెషర్ పంపు. షవర్లో ధార పెంచడానికి అపార్ట్‌మెంట్లలో పెట్టేది. సైజు చిన్నది, శబ్దం తక్కువ. దీనిలో ఫ్లో స్విచ్ ఉంటుంది, ఎవరో కుళాయి తిప్పి నీళ్లు కదిలితేనే పంపు ఆన్ అవుతుంది. బాయిలర్ లైన్‌లో కుళాయి లేదు కాబట్టి ఆటోలో వదిలేస్తే అసలు స్టార్ట్ కాదు, మాన్యువల్‌లో పెట్టాలి. కొన్నిటికి నీటి వేడి హద్దు 60 డిగ్రీలే. గంటల తరబడి ఆగకుండా నడవడానికి చేసిన పంపు కూడా కాదు.

మూడు స్పీడుల సర్క్యులేటర్. నీళ్లను ఎత్తకుండా లైన్‌లో తిప్పడానికే చేసిన చిన్న పంపు, సోలార్ వేడినీళ్ల పెద్ద సిస్టమ్‌లలో కనబడేది ఇదే. మోటారులో తిరిగే భాగం, అంటే రోటర్, నీళ్లలోనే తిరుగుతుంది, ఆ నీళ్లే బేరింగ్‌కు నూనె పని చేస్తాయి. కారిపోయే సీలు ఉండదు. 110 డిగ్రీల దాకా తట్టుకునే మోడళ్లు మామూలే. స్పీడును బట్టి 50 నుంచి 100 వాట్లు. పక్కన ఉండే చిన్న మీటతో స్పీడు మార్చుకోవచ్చు: మొదటి మంటకు మూడో స్పీడు, ట్యాంకు కాగాక ఒకటో స్పీడు. నీళ్లు లేకుండా నడిపితే బేరింగ్ అరిగిపోతుంది. కాలితే సాధారణంగా వైండింగ్ చేయరు, కొత్తది కొనాల్సిందే. మామూలు మోటారు కొట్టులో దొరక్కపోతే సోలార్ గీజర్లు అమ్మేవాళ్లను అడగండి.

స్పీడు తనే మార్చుకునే సర్క్యులేటర్. పైదానికి ఎలక్ట్రానిక్ బోర్డు, అయస్కాంతపు రోటర్ తోడైతే ఇది. అదే పని 20 నుంచి 45 వాట్లతో చేస్తుంది. ధర ఎక్కువ. దీనికి రెండు బలహీనతలున్నాయి. అయస్కాంతం కాబట్టి పాత ఇనుప డ్రమ్ములోంచి వచ్చే నల్లటి తుప్పు పొడి రోటర్‌కు అంటుకుంటుంది. బోర్డు కాబట్టి వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు, షెడ్డు వేడికి ముందుగా దెబ్బతినేది ఇదే. కాయిల్ పద్ధతిలో తుప్పు సమస్య తగ్గుతుంది, డ్రమ్ము నీళ్లే పంపులోంచి పోతుంటే మాత్రం అయస్కాంతపు ఫిల్టర్ తప్పనిసరి.

వేడినీళ్ల మల్టీస్టేజ్ స్టీలు పంపు. లోపల ఒకదాని మీద ఒకటి ఇంపెల్లర్లు. 20, 30 మీటర్లు ఎక్కిస్తుంది. ధర, కరెంటు రెండూ ఎక్కువే. రెండో పద్ధతిని మార్చలేనివాళ్లకు ఇదొక్కటే సరైనది. కొనేముందు సీలు ఎన్ని డిగ్రీలకో రాయించుకోండి.

| పంపు | నీటి వేడి | 13 మీటర్లు ఎక్కిస్తుందా | రోజుకు 6 గంటలైతే నెలకు యూనిట్లు | రిపేరు |
|---|---|---|---|---|
| మోనోబ్లాక్, హాఫ్ హెచ్‌పీ | చన్నీళ్లకే | మోడల్‌ను బట్టి | దాదాపు 100 | ఎక్కడైనా |
| ప్రెషర్ పంపు | కొన్నిటికి 60 డిగ్రీలే | కష్టం | వాట్లను బట్టి 20 నుంచి 45 | పరిమితం |
| మూడు స్పీడుల సర్క్యులేటర్ | 110 దాకా | ఎక్కించదు, తిప్పుతుంది | 90 వాట్లకు 16 | మార్చడమే |
| స్పీడు తనే మార్చుకునేది | 110 దాకా | ఎక్కించదు, తిప్పుతుంది | 30 వాట్లకు 5 లేదా 6 | మార్చడమే |
| మల్టీస్టేజ్ స్టీలు | సీలును బట్టి | ఎక్కిస్తుంది | మోనోబ్లాక్ అంత లేదా పైన | కంపెనీ సర్వీసు |

## ఎవరికి ఏది

హాస్టల్ వాళ్లకు, కాయిల్ పద్ధతి ఉంటే, స్టీలు బాడీ మూడు స్పీడుల సర్క్యులేటర్. స్పీడు తనే మార్చుకునేదానితో పోలిస్తే నెలకు పదీ పదకొండు యూనిట్లే తేడా, అదీ చలికాలం నెలల్లోనే. అంత డబ్బు అదనంగా పెట్టేకంటే అదే మోడల్ ఇంకొకటి కొని అల్మారాలో పెట్టుకోండి. పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి పంపు ఆగిపోతే, విజయవాడ వన్‌టౌన్‌లో కొట్లు తెరిచేదాకా ఆగడం వార్డెన్‌కు ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

నర్సింగ్ హోమ్ లెక్క వేరు. అక్కడ ఏ గదిలో కుళాయి తిప్పినా వెంటనే వేడినీళ్లు రావాలని లైన్‌లో ఇరవై నాలుగు గంటలూ నీళ్లు తిప్పుతారు. 90 వాట్ల పంపు నెలంతా తిరిగితే 65 యూనిట్లు, 30 వాట్లదైతే 22. ఏడాది పొడవునా ఈ తేడా ఉంటుంది కాబట్టి ఎక్కువ ధర పెట్టడం సబబే. దానికి మంచి స్టెబిలైజర్ కూడా జత చేయండి.

పాడి పశువులున్నవాళ్లు, కల్యాణ మండపాల వాళ్లు బాయిలర్ పక్కనే ట్యాంకు పెట్టుకోగలరు. కాయిల్ పద్ధతిలోనే ట్యాంకును బాయిలర్ కన్నా ఎత్తుగా, దిమ్మె మీద కూర్చోబెట్టి, అంగుళంన్నర పైపులు దగ్గరగా వాలుగా వేస్తే పంపు లేకుండానే నీళ్లు తిరుగుతాయి. ఇంటి అవసరానికి బాయిలర్ పెట్టుకున్నవాళ్లకు కూడా నా సలహా ఇదే, పంపు కొనకండి.

## పంపు ఎక్కడ బిగించాలి

మంచి పంపు కొని చెడ్డ చోట పెడితే ఒక్క చలికాలం కూడా ఆగదు. మరగబోయే నీటిని పంపు లాగితే దాని మూతి దగ్గర ప్రెషర్ తగ్గి నీరు అక్కడే ఆవిరి బుడగలవుతుంది. లోపల గులకరాళ్లు తిరుగుతున్నట్టు చప్పుడొస్తుంది, ఇంపెల్లర్ గుంటలు పడుతుంది. అందుకని కాగి పైకి పోయే పైపు మీద కాకుండా, ట్యాంకు నుంచి బాయిలర్‌కు దిగే పైపు మీద, నేలకు దగ్గరగా పెట్టాలి. అక్కడ నీరు చల్లగా ఉంటుంది, పైనున్న నీటి బరువంతా పంపు మూతి మీద ఉంటుంది.

సర్క్యులేటర్ షాఫ్ట్ నేలకు అడ్డంగా ఉండాలి. ముందున్న గుండ్రటి మోటారు పక్కకు చూడాలి, ఆకాశం వైపు గానీ నేల వైపు గానీ చూడకూడదు. నిలువుగా పెడితే పై బేరింగ్‌కు నీళ్లందవు. ప్లంబర్లు ఇది తరచూ మర్చిపోతారు, దగ్గరుండి చూసుకోండి.

చాలా సర్క్యులేటర్లకు చుట్టూ ఉండే గాలి హద్దు 40 డిగ్రీలు. మన ఎండలకు, అదీ రేకుల షెడ్డులో, మంట పెట్టే తలుపు పక్కన, అది ఎప్పుడో దాటుతుంది. షెడ్డు గోడకు బయటివైపు, నీడలో, వానకు తడవకుండా చిన్న రేకు కప్పి పెట్టండి. ముందూ వెనకా బాల్ వాల్వ్ ఒక్కోటి, పంపు ముందు జల్లెడ ఫిల్టర్. బాయిలర్ నుంచి బయటికొచ్చే మొదటి రెండు మూడు మీటర్లు జీఐ (జింకు పూత ఇనుప) పైపే వేయండి, సీపీవీసీ (వేడినీళ్ల ప్లాస్టిక్ పైపు) ఆ తరవాత.

డ్రమ్ము మీద ఒక థర్మోస్టాట్ పెట్టి, లోపల నీరు 60 డిగ్రీలు చేరాకే పంపు ఆన్ అయ్యేలా చేయించండి. మంట మొదలైన నిమిషం నుంచీ పంపు నడిస్తే డ్రమ్ము చాలాసేపు చల్లగా ఉండిపోతుంది. పొగలోని తేమ, తారు దాని గోడలకు పట్టి రేకును తినేస్తాయి.

వేసవి సెలవులకు హాస్టల్ మూసేటప్పుడు పంపును అలాగే వదిలేయకండి. లోపల మిగిలిన నీరు ఎండి, సున్నం రోటర్‌ను పట్టేస్తుంది. జూన్‌లో స్విచ్ వేస్తే గుయ్‌మని శబ్దం, తిరగడం మాత్రం ఉండదు. అప్పుడు వెంటనే స్విచ్ ఆపి, రెండు వాల్వులూ కట్టి, మోటారు ముఖం మధ్యలో ఉండే పెద్ద ఇత్తడి స్క్రూ మెల్లగా విప్పండి. కాస్త నీరు కారుతుంది, గుడ్డ పట్టుకోండి. లోపల షాఫ్ట్ చివర గాడి కనబడుతుంది. దానిలో స్క్రూడ్రైవర్ పెట్టి అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు పట్టు వదిలేస్తుంది. ఆ స్క్రూ లేని మోడళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి కొనేటప్పుడే చూసుకోండి. సెలవుల్లో వాచ్‌మన్‌తో వారానికోసారి పదినిమిషాలు పంపు నడిపిస్తే, ట్యాంకులో నీళ్లుండేలా చూస్తే, ఈ పని పడదు.